బండి ఎత్తు, షాకబ్జర్ పొడవు

సరుకు బండి బరువును మోసేది స్ప్రింగు. కుదుపు తగిలి కదిలిన ఆ స్ప్రింగు అదేపనిగా ఊగుతూ పోకుండా అణచి నిలబెట్టేది షాక్ అబ్జార్బర్, అంటే డ్రైవర్లు, మెకానిక్కులు వాడుకలో షాకబ్జర్ అని పిలిచే గొట్టం. పేరునుబట్టి బరువులో కొంతైనా ఇది మోస్తుందని చాలామంది అనుకుంటారు గాని, మామూలు షాకబ్జర్‌ను నిలబెట్టి రెండు చేతులతో నొక్కితే అది నెమ్మదిగా లోపలికి దిగిపోతుందే తప్ప, టన్నుల సంగతి అటుంచి ఒక వడ్ల బస్తాను కూడా ఎత్తి పట్టుకోలేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే బండి ముందుభాగం కిందికి వాలినప్పుడు షాకబ్జర్లు మార్పిస్తే అది లేస్తుందన్న ఆశతో డబ్బు ఖర్చుపెట్టడం, ఆ కొత్త జత కొద్ది నెలలకే నూనె కక్కడం జరుగుతూ ఉంటుంది. ఎత్తు తగ్గిన బండికి ముందు షాకబ్జర్లు మార్చే పనిలో అసలు చిక్కంతా ఆ బండి ఇప్పుడు ఏ ఎత్తులో నిలబడి ఉందో, ఆ ఎత్తుకు ఏ పొడవు షాకబ్జర్ సరిపోతుందో తేల్చుకోవడంలోనే ఉంది; నట్లు విప్పి బిగించడం ఆ తర్వాతి పని.

పాత మెదక్ జిల్లా ప్రాంతాలకు కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలాలు కొన్ని కలిసి 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో ఈ విషయం ఎందరి జీవనోపాధితోనో ముడిపడి ఉంది. హైదరాబాద్‌ను కరీంనగర్‌తో కలిపే రాజీవ్ రహదారి ఈ జిల్లాను నిలువునా దాటుతుంది. ములుగు మండలంలోని వంటిమామిడి మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే ట్రాలీలు, గజ్వేల్ పరిసరాల కోళ్ల ఫారాల నుంచి గుడ్లు మోసే బళ్లు, కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు వడ్లు తోలే లారీలు, పత్తిని ఆకాశమంత ఎత్తుకు పేర్చుకుని జిన్నింగ్ మిల్లులకు వెళ్లే డీసీఎంలు ఈ దారినీ, దీనికి కలిసే పల్లె దారులనూ పట్టుకుని తిరుగుతాయి. రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ 2020లోనూ, మల్లన్నసాగర్ ఆ తర్వాతా నీటితో నిండిన మీదట వరి సాగుతో పాటు ఆ పంటను మోసే చక్రాల పనీ పెరిగింది. డీసీఎం అన్న మాటే ఇక్కడి రవాణా చరిత్రలో ఒక చిన్న గుర్తు: 1980లలో డీసీఎం అనే భారతీయ సంస్థ జపాన్‌కు చెందిన టొయోటాతో కలిసి తయారుచేసిన తేలికపాటి లారీ పేరది, ఆ తయారీ ఎప్పుడో ఆగిపోయినా ఐషర్ వంటి ఇతర కంపెనీల మధ్యరకం లారీలను తెలంగాణలో నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అదే దశాబ్దంలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో క్యాబ్‌స్టార్ అనే లారీని, అప్పటికి సిద్దిపేటతో కలిసి ఒకే జిల్లాగా ఉన్న జహీరాబాద్‌లో తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఒక్క బండితో బతికే సొంతదారు-డ్రైవర్ల సంఖ్య ఊరూరా పెరిగింది, బండి మరమ్మతు అన్నది కంపెనీల లెక్కల పుస్తకాల్లోంచి కుటుంబాల ఇంటి ఖర్చులోకి వచ్చింది.

షాకబ్జర్ లోపలి ఏర్పాటు చూస్తే పొడవుకు అంత ప్రాధాన్యం ఎందుకో అర్థమవుతుంది. నూనె నింపిన గొట్టంలో ఒక పిస్టన్, దానికి సన్నని రంధ్రాలు, ఆ రంధ్రాలపై పలుచని ఉక్కు బిళ్లల వాల్వులు ఉంటాయి; చక్రం పైకి లేచినప్పుడు రాడ్ లోపలికి, దిగినప్పుడు బయటికి కదులుతూ నూనెను ఆ రంధ్రాల గుండా బలవంతంగా నెడుతుంది, ఆ రాపిడిలో స్ప్రింగు ఊపులోని శక్తి వేడిగా మారి గొట్టం గోడల ద్వారా గాలిలో కలిసిపోతుంది. గోతులదారిలో చాలాదూరం నడిచిన బండి షాకబ్జర్‌ను తాకితే చెయ్యి కాలేటంత వేడిగా ఉండడానికి కారణం ఇదే. సిద్దిపేట ఎండాకాలంలో గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నూనె మరింత పలచబడి, సాయంత్రానికి పట్టు సడలుతుంది. ఎక్కువ బళ్లలో ఉండేది ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గొట్టాల రకం. పిస్టన్ నెట్టిన నూనెలో కొంత అడుగునున్న వాల్వు ద్వారా బయటి గొట్టంలోకి వెళ్లి తిరిగి వస్తుంది, కొన్నిటిలో నూనెలో నురుగు కట్టకుండా పైభాగంలో నైట్రోజన్ వాయువును తక్కువ పీడనంతో నింపుతారు. ఒకే గొట్టంలో నూనెనూ, అధిక పీడనపు వాయువునూ విడిగా ఉంచే రకాన్ని ఫ్రాన్స్ ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బోన్ 1950లలో వాడుకలోకి తెచ్చాడు. అది వేడిని త్వరగా వదులుతుంది గాని ఖరీదు ఎక్కువ, బయటి గోడకు సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుపోతుంది. మన దేశంలో గేబ్రియల్ ఇండియా వంటి సంస్థలు 1961 నుంచే ఈ భాగాలను తయారుచేస్తున్నాయి. రకం ఏదైనా రాడ్ లోపలికీ బయటికీ కదలగల మొత్తం నిడివికి, అంటే స్ట్రోక్‌కు, ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు రెండు చివర్లా ఇనుమును ఇనుము కొట్టడం తప్ప మరేమీ ఉండదు.

ఒక లెక్కతో ఇది తేటపడుతుంది. ఒక షాకబ్జర్ స్ట్రోక్ 20 సెంటీమీటర్లు అనుకుంటే, బండి కంపెనీ ఇచ్చిన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు పిస్టన్ ఇంచుమించు మధ్యలో ఉండి, మిట్ట ఎక్కినప్పుడు ముడుచుకోవడానికి 10 సెంటీమీటర్లు, గోతిలో దిగినప్పుడు సాగడానికి 10 సెంటీమీటర్లు మిగులుతాయి. బండిని 6 సెంటీమీటర్లు కిందికి దించితే సాగడానికి 16 సెంటీమీటర్లు వృథాగా పడి ఉండి, ముడుచుకోవడానికి 4 మాత్రమే దక్కుతాయి. భారత రహదారుల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేగనిరోధకం 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగానికి తగినట్టు నున్నగా వంగి ఉండాలి. పల్లెల్లో ఇంటి ముందు సిమెంటుతో గట్టిగా, ఇరుకుగా కట్టుకున్న దిమ్మెలకు ఆ వంపు ఉండదు. అలాంటి దిమ్మెమీద చక్రం ఒక్క పెట్టున లేచినప్పుడు ఆ 4 సెంటీమీటర్లు అయిపోయి పిస్టన్ అడుగు వాల్వును గుద్దుతుంది. మొదట వాల్వు పగులుతుంది, తర్వాత రాడ్ వంగుతుంది, వంగిన రాడ్ నూనె సీలును కోస్తుంది, గొట్టం పొడుగునా నల్లటి జిడ్డు కనిపిస్తుంది.

కావాలని బండిని కిందికి దించడం అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో పికప్ ట్రక్కుల ప్రియుల మధ్య దశాబ్దాలుగా ఉన్న అభిరుచి, అక్కడ దానికోసం తక్కువ పొడవు షాకబ్జర్లను ప్రత్యేకంగా అమ్ముతారు. ఆ పద్ధతుల్లోని ఒక తేడా మన మెకానిక్కులకూ పనికివస్తుంది. చుట్ట స్ప్రింగు ఉన్న బండిని పొట్టి స్ప్రింగు వేసి దించితే చక్రాన్ని పట్టుకున్న చేతులు పైకి తిరిగి షాకబ్జర్ కూడా ముడుచుకుంటుంది, కాబట్టి పొట్టి షాకబ్జర్ తప్పనిసరి అవుతుంది. చక్రం తిరిగే స్పిండిల్ భాగాన్నే మార్చి, చక్రం అమరే చోటును పైకి జరిపి దించితే ఆ చేతులు పాత కోణంలోనే ఉంటాయి గనుక కంపెనీ పొడవే సరిపోతుంది. దించిన తీరు తెలియకుండా పొడవు చెప్పడం సాధ్యం కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. మన దగ్గర కొందరు యువకులు కార్ల స్ప్రింగు చుట్టలను కోయించి దించుతారు. ఎనిమిది చుట్టల స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలినది దాదాపు ఏడో వంతు గట్టిపడుతుంది, గట్టిపడిన స్ప్రింగు వేగంగా ఊగుతుంది, ఆ వేగాన్ని అణచే సత్తా పాత వాల్వులకు ఉండదు. పైగా కోసిన అంచు తన గూటిలో సరిగా కూర్చోక గోతిలో దిగినప్పుడు తప్పుకునే ప్రమాదం ఉంది. ఇది కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే వాహనానికి చేయదగిన పని ఎంతమాత్రం కాదు.

సిద్దిపేట సరుకు బళ్ల ఎత్తు తగ్గడానికి మాత్రం అభిరుచితో సంబంధం లేదు. టాటా ఏస్‌కూ, బొలేరో పికప్‌లలో చాలావాటికీ ముందువైపు కూడా అడ్డంగా ఒకే ఇరుసు, దానిపై కమాన్ కట్టలు ఉంటాయి. కమాన్ కట్ట అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి యూ బోల్టులతో ఇరుసుకు బిగించిన స్ప్రింగు. ఏళ్ల తరబడి మోసిన బరువుకు ఆ పట్టీల వంపు తగ్గి చదునవుతుంది, ఒక పట్టీ విరిగినా బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి చాలాకాలం ఎవరూ గమనించరు, బుష్షులు అరిగి మరికొంత దిగుతుంది. ఆ విధంగా బండి తనంతట తానే కిందికి దిగుతుంది, డ్రైవర్‌కు మాత్రం షాకబ్జర్ పోయినట్టు అనిపిస్తుంది. చదునైన పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో వంపు ఎక్కించడం పాత పద్ధతి. కాల్చిన ఉక్కును మళ్లీ నూనెలో ముంచి గట్టిపరచి, తగిన వేడిలో పదును సరిచేయకపోతే ఆ వంపు కొన్ని వారాలకు మించి నిలవదు.

దీనికి పూర్తిగా ఎదురైన స్థితి కూడా ఉంటుంది, దాన్ని గుర్తించడం మరింత అవసరం. బరువును వెనక ఇరుసుకు అవతలిదాకా పేర్చినప్పుడు తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు బండి వెనక కుంగి ముందు లేస్తుంది. అప్పుడు ముందు షాకబ్జర్ ముడుచుకోవడానికి బదులు పూర్తిగా సాగి ఉంటుంది, ప్రతి గోతిలోనూ దాని పిస్టన్ గొట్టం పై చివరను గుద్దుతుంది, ముందు చక్రాలమీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఇలా లేచే బండికి ముందువైపు పొట్టి షాకబ్జర్లు వేస్తే ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కుంగి, బరువుతో లేచే బండి అవసరం తెలియాలంటే రెండు స్థితుల్లోనూ కొలవాలి.

కొలతకు టేపు చాలు. బండిని చదునైన చోట నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఎడమ, కుడి వైపుల ఎత్తు కొలవాలి. రెండు వైపులా తేడా ఎక్కువగా ఉంటే విరిగిన పట్టీనో, అరిగిన బుష్షునో ముందు వెతకాలి. తర్వాత షాకబ్జర్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా దూరం, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే రబ్బరు దిమ్మె, అంటే బంప్ స్టాపర్, తాకడానికి మిగిలిన ఖాళీ రాసుకోవాలి. ఇరుసు ఆ రబ్బరును తాకే స్థితిలో కూడా షాకబ్జర్ పూర్తిగా ముడుచుకోకుండా కొంత మిగలాలి, చక్రం గాలిలో వేలాడే స్థితిలో కూడా పూర్తిగా సాగకుండా కొంత మిగలాలి. ఈ రెండు షరతులూ తీరిన పొడవే ఆ బండికి తగినది. వాలు కూడా లెక్కలోకి వస్తుంది: నిటారుగా ఉన్న షాకబ్జర్ చక్రంతో సమానంగా కదులుతుంది, 45 డిగ్రీలు వాలితే చక్రం 10 సెంటీమీటర్లు లేచినప్పుడు అది 7 సెంటీమీటర్లే కదిలి, ఊపును అణచే బలం దాదాపు సగానికి పడిపోతుంది. బిగింపు చోటును వెల్డింగుతో పక్కకు జరిపి పొడుగు షాకబ్జర్‌ను ఇరికించడం ఈ కారణంగానే నష్టం.

కొలతలు చూసిన తర్వాత చాలా బళ్లకు తేలే జవాబు కమాన్ కట్టను బాగుచేసి కంపెనీ ఎత్తుకు తెచ్చి, కంపెనీ పొడవు షాకబ్జర్లనే వేయడం. అది ముందుగా ఖర్చు పెంచినా, టైర్లు త్వరగా అరిగిపోకుండా కాపాడుతుంది. ఊపును అణచలేని షాకబ్జర్ ఉన్న చక్రం రోడ్డుమీద నడవడం మాని గంతులు వేస్తుంది, గంతు వేసిన ప్రతిచోటా టైరు గిన్నెల్లా గుంటలు పడి అరుగుతుంది, గాలిలో ఉన్న క్షణంలో బ్రేకు ఎంత తొక్కినా ఫలితం ఉండదు. స్ప్రింగు బరువుకు 10 సెంటీమీటర్లు కుంగితే దాని సహజమైన ఊపు సెకనుకు ఒకటిన్నర సార్లకు కొంచెం పైన ఉంటుంది. మంచి షాకబ్జర్ ఆ ఊపును ఒకటి రెండుసార్లలో ఆపేస్తుంది. నిలిచిన బండి ముందు మూలను బలంగా నొక్కి వదిలినప్పుడు అది ఒకసారి లేచి కుదురుకోకుండా మళ్లీమళ్లీ ఆడితే షాకబ్జర్ అయిపోయినట్టే. గొట్టంమీద పలుచని తడి మాత్రమే కనిపిస్తే భయపడనక్కర లేదు, నూనె కారి చుక్కలు కడితే మార్చాలి.

మార్పిడి పని జాగ్రత్తగా చేసే మెకానిక్ చదునైన నేలమీద హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, జాకీతో లేపిన ముందుభాగాన్ని ఇనుప స్టాండ్లమీద ఆనించిన తర్వాతే కిందికి దూరతాడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద పడుకోవడం ప్రాణాలతో ఆట. తుప్పుపట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తెల్లారి పానాకు లొంగుతాయి. లొంగని బోల్టును గ్యాసుమంటతో కాల్చడం షాకబ్జర్ పక్కన చేయకూడదు, ఎందుకంటే మూసి ఉన్న గొట్టంలోని నూనె, వాయువు వేడికి వ్యాకోచించి పేలవచ్చు. కమాన్ కట్టల బండిలో ఇరుసును స్ప్రింగే పట్టుకుని ఉంటుంది కాబట్టి షాకబ్జర్ తీయడం సులువు. ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి చుట్ట స్ప్రింగు పికప్‌లో మాత్రం చక్రం చెయ్యి కిందికి పోకుండా ఆపేది షాకబ్జరే కావచ్చు, ఆ చేతికి కింద జాకీ ఆనించకుండా బోల్టు తీస్తే అణగి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడివడి మనిషిని గాయపరుస్తుంది.

రెండు గొట్టాల కొత్త షాకబ్జర్ దుకాణంలో అడ్డంగా పడి ఉండడం వల్ల దాని లోపలి గొట్టంలో గాలి చేరి ఉంటుంది. నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా సాగదీసి ముడిచి ఆ గాలి వెళ్లగొట్టిన తర్వాతే బిగించాలి, లేకపోతే మొదటి రోజే అది ఖాళీ డబ్బాలా కొట్టుకుంటుంది. ఎడమ, కుడి రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి కొత్తదై మరొకటి పాతదైతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది చివరి బిగింపు: షాకబ్జర్ కంటిలోని రబ్బరు బుష్షు బోల్టు బిగిసిన స్థితిని తన సహజస్థితిగా పట్టుకుంటుంది, బండిని గాలిలో లేపి ఉంచి పూర్తిగా బిగిస్తే, నేలమీదికి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోయి కొద్ది నెలల్లో చీలుతుంది. చక్రాలు నేలను ఆని, బండి తన బరువుతో తన ఎత్తులో నిలబడ్డాక కంపెనీ చెప్పిన బలంతో బిగించడం సరైన క్రమం. ఎత్తు మారిన బండికి తర్వాత అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ చూపించడం తప్పదు.

చట్టం వైపు నుంచి చూసినా కంపెనీ ఎత్తుకు తిరిగి రావడమే క్షేమం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. అరిగిన షాకబ్జర్ స్థానంలో అదే కొలత కొత్తది వేయడం మరమ్మతే గాని మార్పు కిందికి రాదు. రవాణా బళ్లకు మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కాబట్టి, ఆ తేదీకి ముందే టేపు పట్టుకోవడం మంచిది. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచి, రెండు టైర్ల ముందు ఇరుసుకు 6 టన్నుల స్థానంలో 7 టన్నులను అనుమతించింది. కాగితంమీద పెరిగిన ఆ టన్ను పాత లారీల అరిగిన కమాన్ కట్టలకు బలాన్ని ఇవ్వలేదు.

నాట్లకూ పత్తి తీతకూ కూలీలు సరుకు ట్రాలీల్లో నిలబడి ప్రయాణించడం ఈ ప్రాంతంలో ఇప్పటికీ కనిపించే దృశ్యం. చట్టం దాన్ని ఒప్పుకోదు, మరో వాహనం దొరకని ఊళ్లలో అది ఆగడమూ లేదు. నిలబడిన మనుషుల బరువు బండి నేలకన్నా చాలా ఎత్తులో ఉంటుంది, మలుపులో వాళ్లంతా ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ ఒరుగు ఎంత వేగంగా సాగాలన్నది షాకబ్జర్ చేతిలో ఉంటుంది, అణచే బలం లేని బండి ఒరిగి, తిరిగి మరోపక్కకు విసురుతుంది. ఆ బళ్లు నడిపేవారికి ముందు షాకబ్జర్ ఖర్చు టైరు ఖర్చులాగే పక్కన పెట్టుకోవలసిన ఖర్చు అని చెప్పవలసిన బాధ్యత మెకానిక్కులమీదా, ఫిట్‌నెస్ చూసే అధికారులమీదా ఉంది.

కొత్త జత వేసిన రోజున, ఖాళీ బండి నిలబడిన ఎత్తును రెండు వైపులా కొలిచి, మడ్‌గార్డు లోపలి అంచున పెయింటుతో రాసి ఉంచుకుంటే, ఆరు నెలల తర్వాత అదే చోట టేపు పెట్టినప్పుడు దిగినది ఎన్ని సెంటీమీటర్లో, అది ఏ వైపు కమాన్ కట్టదో ఎవరినీ అడగకుండానే డ్రైవర్‌కు తెలుస్తుంది.